బీరువాలో పెద్దత్తగారు

మా ఇంట్లో నాకు ఇద్దరు అత్తగార్లు. ఒకావిడ వంటింట్లో ఉంటారు, రెండో ఆవిడ బీరువాలో ఉంటుంది. ఈ మాట నాది కాదు, వంటింట్లో ఉండే అత్తగారిదే. నేను కాపరానికి వచ్చిన వారానికే ఆవిడ బీరువా తలుపు తీసి, పట్టుచీరల అరలో ప్లాస్టిక్ కవరు చుట్టి పెట్టిన ఒక చిన్న గ్రామఫోను రికార్డు చూపించి, "ఈవిడ మీ పెద్దత్తగారమ్మా, దణ్ణం పెట్టుకో," అన్నారు. కొత్త కోడల్ని కదా, నిజంగానే దణ్ణం పెట్టాను. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడల్లా ఆ సంగతి చెప్పి ఇప్పటికీ నవ్విస్తూ ఉంటారు.

మామగారిది మైకుసెట్టు వ్యాపారం. ఎప్పుడో మానేశారు గానీ, ఒకప్పుడు రాజమండ్రి చుట్టుపక్కల పెళ్ళన్నా, ఓణీల పండగన్నా ఆయన సెట్టు ఉండాల్సిందే. లంక గ్రామాలకైతే పెట్టెలన్నీ పంటు మీద గోదావరి దాటించి తీసుకెళ్ళేవారట. కొబ్బరిచెట్టుకి లౌడుస్పీకరు గొట్టం కట్టి పాట పెడితే, పిలవని పక్కూరి వాళ్ళకి కూడా పెళ్ళి సంగతి తెలిసిపోయేది. ఆయనకి ఈ లోకంలో అన్నిటికంటే అపురూపమైనది రికార్డు మీద నడిచే ముల్లు. పెళ్ళాన్ని ఎవరైనా తిట్టినా ఊరుకునేవారేమో గానీ ముల్లు మీద ఎవరి నీడ పడినా ఊరుకునేవారు కాదని అత్తగారు అంటారు. ఆవిడ అనడానికి కారణం ఉంది.

మామగారు తన పెళ్ళికి తనే మైకు పెట్టుకున్నారు. ఇంకొకరి సెట్టు పెట్టిస్తే పరువు తక్కువ, తన సెట్టు ఇంకొకరి చేతికిస్తే ముల్లుకి ముప్పు. అందుకని పెళ్ళిబట్టల్లో, బుగ్గన చుక్కతో తనే వెళ్ళి రికార్డు పెట్టి, "ఎవరైనా ముల్లు ముట్టుకున్నారో, చేతులు విరగ్గొడతాను," అని పందిరంతా వినబడేలా చెప్పి, వచ్చి పీటల మీద కూర్చున్నారు. మధ్యన తెర పట్టారు. ఇద్దరి చేతుల్లోనూ జీలకర్ర బెల్లం పెట్టారు. ముహూర్తం దగ్గర పడింది. పురోహితుడుగారు గట్టిమేళం అని కేకేశారు. సన్నాయివాళ్ళు సిద్ధంగానే ఉన్నారు గానీ, కొబ్బరిచెట్టు మీది గొట్టంలో సినిమా పాట మాత్రం ఆగలేదు. "ఎవరండీ అక్కడ! ఆపండి ఆ పాట!" అని పురోహితుడుగారు అరిచారు. పందిట్లో అంతమంది మగవాళ్ళున్నారు, ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. పెళ్ళికొడుకు మాటంటే అంత గౌరవం. చివరికి పెళ్ళికొడుకే పీటల మీంచి లేచి, గెంతుతూ వెళ్ళి, ఎడమచేత్తో ముల్లెత్తి, తిరుగుతున్న రికార్డుని కుడిచేత్తో నొక్కి ఆపారు.

సరిగ్గా అప్పుడే తెరకి ఇవతల అత్తగారు, తలొంచుకునే, జీలకర్ర బెల్లం పెట్టడానికి చెయ్యి చాపారు. అక్కడ తల లేదు.

"చెయ్యి అలా గాల్లో ఉండిపోయిందే అమ్మాయ్. కదిలే బస్సులో కమ్మీ దొరక్క తడుముకుంటాం చూడు, అలాగ తడుముకున్నాను," అంటారావిడ. "ఈయన ఆయాసపడతా వచ్చి, చేతికి మిగిలింది నా నెత్తిన పెట్టేరు. ముహూర్తం వేళకి ఈయన చెయ్యి ఎవరి నెత్తినుంది? దాని నెత్తిన. మరి శాస్త్రప్రకారం పెద్ద పెళ్ళాం ఎవరు? నాకొచ్చింది మిగులేగా!"

"ముహూర్తం దాటలేదే. ఇంకా రెండు నిమిషాలుందని పంతులుగారే చెప్పేరు," అంటారు మామగారు.

"ఆయన మాత్రం ఏం చెప్తారు? ఇంకో ముహూర్తానికి వేరే ఊరెళ్ళాలి ఆయన."

ఈ దావా నలభై ఆరేళ్ళుగా నడుస్తోంది. వాయిదాలే గానీ తీర్పు లేదు.

ఆ రోజు ఆగిన పాటే బీరువాలో పెద్దత్తగారు. ఏదో సినిమాలోది. ఆ సినిమా మా ఊళ్ళో వారం కూడా ఆడలేదట. పాట రేడియోలో రాదు, ఫోనులో వెతికినా దొరకదు, మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదేమో అనిపిస్తుంది. మా ఇంట్లో కూడా పూర్తిగా లేదు. ఎప్పుడైనా మామగారే స్వయంగా తీసి పెడితే, రెండో చరణంలో ఒకచోట మెత్తగా టప్ మని ముల్లు ఎగిరి, ఒక లైను దాటేసి అవతల పడుతుంది. మా ఇంటిల్లిపాదీ ఆ పాట అలా ఎగిరే పాడతారు. మా ఆయన మా అమ్మాయిని ఆ పాటతోనే జోకొట్టేవారు, టప్పుతో సహా. నేను అది గీత పడిన రికార్డనుకున్నాను. రికార్డు నెత్తిన చెయ్యి పెట్టారన్న మాట అత్తగారి వేళాకోళంలో ఒక అలంకారం అనుకున్నాను. మామగారు ఏటా ఎండాకాలం రాగానే బీరువా నాలుగు కాళ్ళ చుట్టూ చీమలమందు సుద్దతో గీతలు గీస్తుంటే, పట్టుచీరల మీద ఎంత శ్రద్ధో అనుకున్నాను. కాలేజీలో ఇరవై ఏళ్ళుగా కెమిస్ట్రీ చెబుతున్న మనిషిని. చీమలకి చీరలతో పనేంటని ఒక్కసారైనా అనుమానం రావద్దూ!

పోయినేడు రికార్డులు తిప్పే యంత్రం మూలగడం మొదలెట్టింది. బాగుచేసే ఆయన చూసి, మోటారు ఇంకెన్నాళ్ళో నడవదని, ముల్లు ఇక దొరకదని, ఉన్నదొక్కటే జాగ్రత్త అని చెప్పి వెళ్ళాడు. అప్పటిదాకా "పాటలు కంప్యూటర్లోకి ఎక్కించుకుందాం మావయ్యగారూ," అంటే వినని మనిషి, ఆ రోజు కాఫీ సగంలో ఆపి, "సరే కానియ్ అమ్మాయ్. కానీ ఫోన్లో వద్దు, సీడీలు చెయ్యి," అన్నారు.

"సీడీలు ఇప్పుడెవరు వింటున్నారండీ?"

"నేను వింటాను. చేత్తో పట్టుకుని చూడ్డానికి లేనిది అదేం పాటమ్మా? ఫోన్లో పాట ఎక్కడుందో చూపించు చూద్దాం."

రాజమండ్రి అంతా తిరిగినా ఖాళీ సీడీలు దొరకలేదు. అడిగితే షాపులవాళ్ళు నన్నొక వింత జంతువుని చూసినట్టు చూశారు. ఆఖరికి భీమవరంలో, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ప్రాజెక్టులు అచ్చు వేయించుకునే ఓ పాత షాపులో అటక మీద ఉన్నాయంటే మా ఆయన బండేసుకుని వెళ్ళి తెచ్చారు. ఆ షాపాయన దుమ్ము దులిపి ఇస్తూ, "ఎవరైనా పోయేరాండీ?" అని అడిగాడట. పోయినవాళ్ళ ఫోటోలు సీడీలో పెట్టి చుట్టాలకి పంచే వాళ్ళే ఇప్పుడు కొంటున్నారని ఆయన అనుభవం.

ఇక ప్రతి ఆదివారం మా హాలు స్టూడియో. యంత్రంలోంచి వచ్చే వైరు లాప్‌టాప్‌కి పెట్టి, ముల్లు దించి, పాట మొత్తం నడిచేదాకా కూర్చోవాలి. మూడు నిమిషాల పాట ఎక్కాలంటే మూడు నిమిషాలూ పడుతుంది, దానికి అడ్డదారి లేదు. తరవాత ఏ పాటకాపాట విడదీసి, సీడీ మీదికి ఎక్కించాలి. మామగారు పక్కన కుర్చీలో కూర్చుని, పెదవుల మీద వేలు పెట్టుకుని ఇల్లంతా కాపలా కాసేవారు. "పాట వైర్లోంచి పోతోంది మావయ్యగారూ, మన మాటలు దీనికి వినబడవు," అని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. ఆయన కాలంలో మైకు ముందు తుమ్మితే ఊరంతా చిరాయువు అనేది మరి. ఆదివారాలు మా ఇంట్లో పోపు పెట్టడం బందు అయింది. అత్తగారు గరిట ఎత్తి పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "నా సవతులందరి పాటలూ అయిపోతే చెప్పండి, ఆవాలు వేస్తాను," అని గుసగుసగా అడిగేవారు.

ఈ పనిలో నాకు మహా ఇష్టమైనది కడగడం. నాకు శుభ్రం పిచ్చి, దాచుకోవడం దేనికి? గ్లాసు మీద వేలిముద్ర ఉంటే మంచినీళ్ళు తాగలేను. మా లాబ్‌లో పరీక్ష నాళికలు పిల్లలు కడిగాక మళ్ళీ నేను కడుగుతాను. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా పక్కన పెట్టుకుని, మెత్తబడిన పాత నూలుచీర ముక్క తడిపి, గాడి వెంబడే గుండ్రంగా తుడిస్తే, నల్లటి రికార్డు ముఖం చూసుకోవచ్చన్నట్టు మెరిసేది. చీరముక్కకి వదిలిన మట్టి చూసి, ఇది కోనసీమ దుమ్మా, ఏజెన్సీ దుమ్మా అని మామగారు పరీక్షగా చూసేవారు. ఆయనకీ నా పని నచ్చింది. అది నాకు తలకెక్కింది.

అన్ని రికార్డులూ ఆయనే తీసి ఇచ్చారు గానీ బీరువాలోది మాత్రం ఇవ్వలేదు. "అది ఆఖర్న చూద్దాంలే," అనేవారు. మాఘమాసంలో వాళ్ళ పెళ్ళిరోజు వస్తోంది. ఆ రోజుకి ఆ పాట సీడీ చేసి ఆయన్ని ఆశ్చర్యపెట్టాలని నాకు బుద్ధి పుట్టింది. మామగారు స్నేహితులతో కలిసి పట్టిసీమ గుడికి వెళ్ళిన రోజు చూసి, అత్తగారిని తాళం అడిగాను. ఆవిడ బొడ్లోంచి తీసిచ్చి, "తీసుకెళ్ళు. పెద్దావిడ, మెల్లిగా నడిపించు," అన్నారు.

కవరు విప్పి చూద్దును కదా, రికార్డు మీద ఒకచోట బొటనవేలంత గోధుమరంగు మరక, అందులో అతుక్కుపోయి రెండు మూడు సన్నటి నల్లటి పలుకులు. ఎలక పెంటికలనుకున్నాను. బీరువాలోకి ఎలకెలా దూరిందా అని తిట్టుకుంటూ, తడిగుడ్డ కాసేపు వేసి నాననిచ్చి తుడిచాను. ఒక్క తుడుపుకే వదిలిపోయింది. నీళ్ళలో అంత తేలిగ్గా కరిగేది ఏమై ఉంటుందో కెమిస్ట్రీ లెక్చరర్‌కి తట్టలేదు.

ముల్లు దించాను. రెండో చరణం వచ్చింది. ఎగరాల్సిన చోట ముల్లు ఎగరలేదు. మా ఇంట్లో ఎవరూ పాడని లైను ఒకటి హాయిగా పాడుకుంటూ వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళంతా గర్వమే. చచ్చిపోయిన పాటకి ప్రాణం పోశాననుకున్నాను. సీడీ చేసి, పైన పెన్నుతో తారీఖు వేసి, రికార్డుని మళ్ళీ యథాస్థానంలో పెట్టేశాను.

పెళ్ళిరోజు పొద్దున్న, ఇద్దరూ కొత్తబట్టలు కట్టుకుని కాఫీకి కూర్చున్నాక, టీవీ కింది డీవీడీ ప్లేయర్‌లో సీడీ పెట్టాను. పాట మొదలవగానే మామగారి ముఖం విప్పారింది. అత్తగారు, "అక్కగారు తయారయ్యేరా!" అన్నారు. మా ఆయన కూనిరాగం కలిపారు. రెండో చరణం వచ్చింది. మా ఆయన అలవాటు చొప్పున టప్ మని ఎగిరి అవతలి లైనులో పడ్డారు. పాట మాత్రం పడలేదు. చందమామనీ, మల్లెపూలనీ కలిపి ఏదో అంటూ తీరుబడిగా ఆ లైను పాడింది. మా ఆయన నోరు తెరిచి అలా ఉండిపోయారు.

"ఇంతేనా?" అన్నారు అత్తగారు. "ఈ చందమామా మల్లెపూల కోసమా ఇన్నేళ్ళు గెంతింది?"

మామగారు నవ్వలేదు. "అమ్మాయ్, కడిగేవా?" అని అడిగారు.

"ఆయ్ మావయ్యగారూ! ఎంత మురికో! ఎలక పెంటికలు కూడా ఉన్నాయి," అన్నాను ఉత్సాహంగా.

ఆయన లేచి బీరువా తీసి, రికార్డుని కిటికీ వెలుతురుకి వంచి, చుట్టూ తిప్పి చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. "జీలకర్రమ్మా," అన్నారు, అంతే.

జీలకర్ర, బెల్లం, సుద్దగీతలు, చీమలు, రికార్డు నెత్తిన చెయ్యి, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. అది మురికి కాదు. వాళ్ళ ముహూర్తం. నలభై ఆరేళ్ళు చీమల నోట పడకుండా ఆయన కాపాడుకున్నదాన్ని బ్యాటరీ నీళ్ళతో తుడిచేసి ఎలక పెంటికలన్నాను.

ఆయన రికార్డుని ఎప్పటిలాగే కవర్లో చుట్టి లోపల పెట్టి, పేపరు తెరిచి కూర్చున్నారు. పేజీ తిప్పలేదు. నిజానికి న్యాయంగా చూస్తే ఆయన సంతోషించాలి. ఇన్నేళ్ళ దావాలో ఆయన మీదున్న సాక్ష్యం అదొక్కటే. అత్తగారూ ఆ మాటే అన్నారు, "నా సాక్ష్యం కడిగేసేవటే అమ్మాయ్! ఇంక ఈయన్నేం చూపించి దెప్పను?" అని. నవ్వుతూనే మొదలెట్టారు గానీ, చివరికి నావైపు చూడకుండా వెళ్ళి బీరువాకి తాళం వేశారు. నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆ ఏడుపులో కూడా ఎదురుగా ఉన్న రెండు గ్లాసులు తోమేశానంటే నా రోగం ఎంత ముదిరిందో చూడండి.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవాలి కదా. మధ్యాహ్నం లాప్‌టాప్ తీసి కూర్చున్నాను. పాటలో ఆ లైను కత్తిరించి పారేశాను. గీతలు పడిన వేరే రికార్డు పాటలోంచి ఒక టప్పు పట్టుకొచ్చి అతుకు మీద వేశాను. సరిగ్గా పాత ఎగురుడే. ఇంకో సీడీ చేసి భయపడుతూ పెట్టాను. మామగారు కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇది ఇంకో రికార్డు టప్పమ్మా," అన్నారు జాలిగా. "గీత టప్పు గట్టిగా ఉంటది. బెల్లం టప్పు మెత్తన."

మైకువాడి చెవిని మోసం చెయ్యాలనుకోవడం నాదే బుద్ధితక్కువ. "తప్పయిపోయిందండీ మావయ్యగారూ," అన్నాను. ఆయన నా చేతిలోంచి సీడీ తీసుకుని వెనకా ముందూ చూసి, "నువ్వు పని శుభ్రంగా చేసేవు. తప్పేముంది?" అన్నారు. ఆ శుభ్రంగా అన్న మాట నాకు చురుక్కుమంది.

సాయంత్రం టీ వేళకి వంటింట్లోంచి రోలు చప్పుడు వినబడింది. మిక్సీ ఉండగా అత్తగారు రోలు ఎందుకు దింపారో అర్థం కాలేదు. కాసేపటికి ఆవిడ చిన్న గిన్నె పట్టుకుని హాల్లోకి వచ్చారు. తడి జీలకర్ర, బెల్లం కలిపి నూరిన ముద్ద. వాసన ఇల్లంతా పెళ్ళిపందిరిలా కమ్ముకుంది. ఆవిడే బీరువా తీసి, రికార్డు తెచ్చి, మామగారి ముందు బల్ల మీద పెట్టారు. ఇంట్లో ఎప్పుడూ ఆవిడ దాన్ని చేత్తో తాకగా నేను చూడలేదు.

"పెట్టండి," అన్నారు. "అక్కడే పెట్టండి, మళ్ళీ ఎగురుద్ది. కోడలుపిల్ల పొద్దున్నించీ ముద్ద ముట్టలేదు."

మామగారు గిన్నె వంక చూశారు, రికార్డు వంక చూశారు. అలవాటు చావదు కదా, "ముల్లు ఒక్కటే ఉందే. బెల్లం తడిగా ఉంటే పాడైపోద్ది," అన్నారు.

"అప్పుడూ ముల్లే, ఇప్పుడూ ముల్లేనా!" అన్నారు అత్తగారు. నవ్వబోయారు గానీ రాలేదు. "అప్పుడు భయం లేకుండా పెట్టేరు కదండీ. ఏదీ మిగలకపోతే ఎలాగ?"

అప్పటికి నాకు తెలిసింది, ఇన్నాళ్ళూ ఆవిడ దెప్పింది దెప్పడానికి కాదు. అలా దెప్పినప్పుడల్లా ఆయన ఆ పందిట్లోకి ఇంకోసారి పరిగెత్తుకొచ్చేవారు.

మామగారు రికార్డుని తీసి కవర్లో పెట్టి పక్కకి జరిపారు. "అమ్మాయ్, పొద్దుటి సీడీ వెయ్యి," అన్నారు. ఏ సీడీ అని అడిగాను. "కడిగిందే," అన్నారు. వేశాను. గిన్నెలో ఉన్నదంతా కుడిచేతిలోకి తీసుకుని, సగం అత్తగారి చేతిలో పెట్టారు. "మిగులు, మిగులు అని చంపుకు తింటన్నావు కదా. ఇదిగో, ఇది మొదటిది," అని ఆవిడ నెత్తిన పెట్టారు. పాపిట మీంచి బెల్లం నీళ్ళు నుదుటి దాకా కారాయి.

మా ఆయన తెర ఉండాలి అంటూ తుండుగుడ్డ అడ్డం పట్టబోతే, "తియ్యరా, ఆ తెరతోనే మోసపోయేను," అన్నారు అత్తగారు. పాటలో రెండో చరణం మొదలైంది. ఆవిడ తలొంచుకుని, చూడకుండానే చెయ్యి చాపారు. ఈసారి తల అక్కడే ఉంది. జుట్టు మాత్రం లేదు, ముద్ద జారి చొక్కా మీద పడింది. రేపు ఆ చొక్కా నేను ఉతకను అని నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను.

చందమామా, మల్లెపూల లైను వచ్చి వెళ్ళింది. పాట పూర్తిగా అయిపోయేదాకా మామగారు కుర్చీలోంచి లేవలేదు.